ఫోనులో ఉన్నది రోగి రహస్యం



బీరువాకు తాళం వేయకుండా మనం ఊరికి వెళ్ళం. కాని ఒక రోగి రిపోర్టు ఉన్న ఫోనును మాత్రం లాక్ లేకుండానే బల్లమీద పెట్టి వెళ్తుంటాం. ఈ నెల పాఠం దాని గురించే.

ఆస్పత్రి పనిలో ఫోను వల్ల మేలు ఉంది. వేరుశనగ చేనులో పాము కరిచిన మనిషిని రాత్రివేళ తెస్తే, కాలి వాపును ఫొటో తీసి డాక్టరుగారికి పంపుతాం. ఆయన వచ్చేలోపు ఏమి చేయాలో చెబుతారు. అయితే ఆ ఫోను సిస్టర్ సొంతదైతే, డ్యూటీ ముగిశాక ఆ ఫొటో కూడా ఆమెతోపాటు బస్సెక్కి ఇంటికి పోతుంది. అక్కడ పిల్లలు ఆడుకోవడానికి ఫోను తీసుకుంటారు.

కొన్నేళ్ళ క్రితం మా వార్డులోనే ఒక పొరపాటు జరిగింది. రొమ్ములో గడ్డతో ఒక తల్లి చేరింది. సూది పరీక్ష రిపోర్టులో 'అనుమానం' అని వచ్చింది. డాక్టరుగారికి పంపబోయి మా సిబ్బందిలో ఒకరు ఆ ఫొటోను వేరే గ్రూపులో పెట్టారు. వెంటనే తీసివేసినా, అప్పటికే ఎవరో ఇంకొకరికి పంపారు. కడప జిల్లా వారు ఎందరో కువైట్‌లో పనిచేస్తున్నారని మీకు తెలుసు. సాయంత్రానికి ఆమె భర్త అక్కడి నుంచి ఏడుస్తూ ఫోను చేశాడు. అప్పటికి ఆ తల్లికే మేము ఏమీ చెప్పలేదు. తరువాత గడ్డ తీసి బయాప్సీకి పంపితే క్యాన్సర్ కాదని తేలింది. కాని ఊరిలో పాకిన మాటను వెనక్కి తేలేకపోయాం. ఆమె మంచం దగ్గర నిలబడి క్షమాపణ అడిగాం.

ఆ తరువాత మేము పెట్టుకున్న నియమాలు ఇవి:

1. వార్డు ఫోను వేరు, సొంత ఫోను వేరు. మందుల బీరువా తాళాల మాదిరే వార్డు ఫోనును ప్రతి డ్యూటీలో సంతకం చేసి అప్పగిస్తాం.

2. దానికి 6 అంకెల పిన్ నంబరు ఉంటుంది. పుట్టిన తేదీ, 123456 వంటివి పెట్టం. వాడకుండా ఉంటే నిమిషంలో తానే లాక్ అవుతుంది.

3. రోగిని అడిగిన తరువాతే ఫొటో తీస్తాం. ముఖం, పేరు పడనివ్వం. వివరం కేస్ షీటులో రాసి, ఫొటోను తొలగిస్తాం. ట్రాష్‌లో మిగిలినదాన్ని కూడా తీసేస్తాం.

4. ఉద్యోగం మానినవారి నంబరును అదే రోజు గ్రూపు నుంచి తీసేస్తాం.

5. తెలియని లింకులు తెరవం, ఆటలు ఎక్కించం. అప్‌డేట్లు ఆపం. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లపై సైబర్ దాడి జరిగినప్పుడు, అంత పెద్ద ఆస్పత్రిలోనూ రోజుల తరబడి చేతితో రాసుకోవలసి వచ్చింది.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది. చట్టం అనుమతించిన కొద్ది సందర్భాల్లో తప్ప, హెచ్.ఐ.వి. ఉన్నవారి వివరాలను వారి రాతపూర్వక సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 నాటి చట్టం ఆదేశిస్తోంది.

ఫోను పోతే ఏమి చేయాలి? ఇది మీ ఇంటికీ వర్తిస్తుంది.

- తిట్లకు భయపడి దాచవద్దు. మా సిబ్బంది అయితే వెంటనే ఇన్‌ఛార్జి సిస్టర్‌కు చెప్పాలి.
- సిమ్‌ను బ్లాక్ చేయించండి, బ్యాంకుకు తెలపండి. గూగుల్ ఖాతా ద్వారా ఫోనులోని సమాచారాన్ని దూరం నుంచే చెరిపివేయవచ్చు.
- పోలీసు ఫిర్యాదు ఇచ్చి, 'సంచార్ సాథీ'లో ఫోనును బ్లాక్ చేయించండి. దానికి 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. నంబరు కావాలి. *#06# నొక్కితే కనిపిస్తుంది. ఈ రోజే ఒక కాగితంపై రాసి ఇంట్లో ఉంచండి.
- డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కు ఫోను చేయండి.

చివరగా, చూడడానికి వచ్చే బంధువులకు ఒక మనవి. మీవారి ఫొటో తీసేటప్పుడు పక్క మంచం, గోడకున్న బోర్డు, కేస్ షీటు పడకుండా చూసుకోండి. ఆ మంచంపై ఉన్నవారు తమ జబ్బు సంగతి ఇంటివారికి ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. ఎవరికి, ఎప్పుడు చెప్పాలో నిర్ణయించుకునే హక్కు వారిదే.