టవర్ లైటు సెట్ చేసేటప్పుడు: చేయవలసినవి, చేయకూడనివి

హైదరాబాద్‌లోని ఉప్పల్, నాచారం, మల్లాపూర్ ఐడీఏ షెడ్లలో మెషిన్ల నెత్తిన ఉండే పాత మూడు బల్బుల టవర్ లైట్లు చాలాచోట్ల దిగిపోతున్నాయి. వాటి జాగాలో గుండ్రటి ఎల్‌ఈడీ దీపం ఒక్కటే వస్తోంది. ల్యాప్‌టాప్ తగిలించి ఏ రంగు కావాలంటే ఆ రంగు, ఎంత వేగంగా బ్లింక్ కావాలంటే అంత వేగం పెట్టుకోవచ్చు. సౌకర్యం మంచిదే. అయితే పాత టవర్‌లో ఎర్ర బల్బు ఎప్పటికీ ఎర్ర బల్బే. కొత్తదానిలో ఎరుపు ఎప్పుడు వెలగాలో, ఎందుకు వెలగాలో మనమే నిర్ణయిస్తాం. అక్కడ పొరపాటు జరిగితే దీపం షిఫ్టు పొడుగునా అదే పొరపాటు చెబుతుంది. ప్రెస్ దగ్గర నిలబడ్డ హెల్పర్ దాన్ని నమ్మి డై మధ్యలో చేయి పెడతాడు. ఈ పని ఎలక్ట్రీషియన్ ఒక్కడికి వదిలేసేది కాదని నేను గట్టిగా అనేది అందుకే.

చేయవలసినవి

ల్యాప్‌టాప్ తెరవక ముందే కాగితం మీద రాసుకోండి. మెషిన్ ఏయే స్థితుల్లో ఉండగలదు, ఒక్కోదానికి ఏ రంగు, ఆ రంగు చూసి ఆపరేటర్ ఏం చేయాలి. రంగుల అర్థాలు మనం కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. యంత్రాల విద్యుత్ భద్రతకు ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60204-1 ఇలా చెబుతుంది: ఎరుపు ప్రమాదం, పసుపు ఏదో తేడా వచ్చిందని, నీలం ఆపరేటర్ తప్పక ఏదో చేయాలని, ఆకుపచ్చ అంతా మామూలుగా ఉందని, తెలుపు ఊరికే సమాచారం. దొంతరగా పేర్చే టవర్ అయితే పైనుంచి కిందికి ఇదే వరస. ఒక షెడ్డులో పది మెషిన్లుంటే పదింటికీ ఒకే భాష ఉండాలి. ఒకదానిలో పసుపంటే మెటీరియల్ అయిపోయిందని, పక్కదానిలో గార్డు తెరిచి ఉందని అయితే, మనిషిని ఒక మెషిన్ నుంచి ఇంకోదానికి మార్చిన రోజే దెబ్బ తగులుతుంది. ఆ పట్టికను తెలుగుతో పాటు హిందీలో, ఒడియాలో కూడా రాసి రంగు బిళ్లలతో మెషిన్‌కు అతికించండి. మన షెడ్లలో చేతులు పెట్టి పనిచేసేవాళ్లలో చాలామంది బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్లు.

దీపానికి సిగ్నల్ ఎక్కడి నుంచి ఇవ్వాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. మనం ఇచ్చిన ఆర్డరు కాదు, మెషిన్‌లో నిజంగా జరిగింది ఏమిటో దీపం చెప్పాలి. అమెరికాలో త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో 1979 మార్చి 28న ఒక రిలీఫ్ వాల్వు తెరుచుకుని మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీది దీపం మాత్రం ఆరిపోయింది. ఎందుకంటే అది వాల్వు మూసుకుందని చెప్పే దీపం కాదు, వాల్వు సోలినాయిడ్‌కు కరెంటు తీసేశారని చెప్పే దీపం. ఆపరేటర్లు వాల్వు మూసుకుందనే అనుకున్నారు. రెండు గంటలకు పైగా అందులోంచి రియాక్టర్ నీరు పోతూనే ఉంది. మన నాచారం ప్రెస్‌లోనూ ఇదే తప్పు సులువుగా జరుగుతుంది. మెషిన్‌ను నడిపే కంట్రోలర్ పీఎల్‌సీ నుంచి మోటార్ ఆపమని వెళ్లే అవుట్‌పుట్‌నే దీపానికీ కలిపేస్తాం. కాంటాక్టర్ అతుక్కుపోయి మోటార్ తిరుగుతున్నా దీపం ఆగిందనే అంటుంది. కాబట్టి కాంటాక్టర్ ఆక్సిలరీ కాంటాక్టు నుంచో, క్లాంపు దగ్గరి ప్రాక్సిమిటీ స్విచ్ నుంచో, ఫ్లైవీల్ నిజంగా ఆగిందని చెప్పే సెన్సార్ నుంచో సిగ్నల్ తీసుకోండి.

సెన్సార్ ఎక్కడుందో కూడా చూడాలి. 2020 మే 7న విశాఖపట్నం ఎల్‌జీ పాలిమర్స్‌లో స్టైరీన్ ఆవిరి బయటికొచ్చి 12 మంది చనిపోయారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగుభాగంలోనే ఉందని, పైపొరల్లో పెరిగిన వేడి దానికి అందలేదని ప్రభుత్వం వేసిన హై పవర్ కమిటీ తేల్చింది. అడుగున కొలిచిన లెక్క మొత్తం ట్యాంకు లెక్క కాలేదు.

వైరు తెగితే ఏ రంగు వస్తుందో లెక్క కట్టండి. చాలా దీపాలకు రెండు మూడు ఇన్‌పుట్ వైర్లుంటాయి. ఒక్కోదానికి ఒక్కో రంగు, రెండూ కలిపి ఇస్తే మూడో రంగు. ఒకటో వైరుకు ఆకుపచ్చ, రెండో దానికి పసుపు, రెండింటికీ కలిపి ఎరుపు పెట్టారనుకోండి. ఎర్రగా వెలుగుతుండగా రెండో వైరు ఊడితే దీపం ఆకుపచ్చకు మారిపోతుంది, ప్రమాదం మాత్రం అక్కడే ఉంటుంది. తిరగేసి పెట్టండి: ఒకటో వైరు ఒక్కదానికి ఎరుపు, రెండోదానికి పసుపు, రెండూ కలిస్తేనే ఆకుపచ్చ. అప్పుడు ఏ వైరు తెగినా ఎరుపో పసుపో వస్తుంది, లేదా దీపం ఆరిపోతుంది. ఆరిపోయిన దీపమంటే ఆగి చూడమని అందరికీ నేర్పండి. ఇది తెగిన వైరుకు మాత్రమే కాపలా. రెండు వైర్లు ఒరుసుకుని షార్టయితే ఇదీ తప్పుతుంది, అందుకని కేబుల్‌ను కండ్యూట్‌లోనే తీసుకెళ్లండి.

కనెక్షన్ ఇచ్చేటప్పుడు వైరు రంగు చూసి అలవాటు ప్రకారం పోవద్దు, దీపంతో వచ్చిన డ్రాయింగ్ చూడండి. మన ఎలక్ట్రీషియన్లకు ఎరుపు, పసుపు, నీలం మూడు ఫేజులు, నలుపు న్యూట్రల్. 24 వోల్టుల డీసీ దీపం కేబుల్‌లో సాధారణంగా బ్రౌన్ ప్లస్, నీలం జీరో వోల్టు, నలుపు సిగ్నల్. నల్ల వైరును న్యూట్రల్ అనుకుని కలిపితే దీపం కాలిపోవచ్చు, పీఎల్‌సీ అవుట్‌పుట్ కూడా పోవచ్చు.

దీపం ఒకటే అయినప్పుడు రంగుతో పాటు బ్లింక్ తేడా కూడా పెట్టండి. మగవాళ్లలో కొందరికి పుట్టుకతోనే ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియదు. పాత టవర్‌లో పైది వెలిగితే ఎరుపని గుర్తుపట్టేవాళ్లు. ఇప్పుడు అన్ని రంగులూ ఒకేచోట వెలుగుతాయి కాబట్టి ఆ ఆనవాలు పోయింది. ఎరుపు బ్లింక్ అవుతూ బజర్ మోగాలి, ఆకుపచ్చ నిలకడగా ఉండాలి. సెకనుకు ఒకటిన్నర, రెండు సార్ల బ్లింక్ సరిపోతుంది.

వెలుతురు ఎంత పెట్టాలో ఎండలోనూ, రాత్రిపూటా చూసి తేల్చండి. రేకుల మధ్య పారదర్శక షీట్లున్న షెడ్డులో మే నెల మిట్టమధ్యాహ్నం పసుపు దీపం తెల్లగా పాలిపోయి కనిపిస్తుంది. నైట్ షిఫ్టులో అదే దీపం కళ్లలో పొడుస్తుంది.

చేయకూడనివి

ఆకుపచ్చ వెలిగిందనో, ఎరుపు ఆరిందనో మెషిన్‌లో చేయి పెట్టకూడదు. దీపం కబురు చెబుతుందంతే, మెషిన్‌ను ఆపదు. జామ్ అయిన పీసు తీయాలన్నా మెయిన్ దించి, తాళం వేసి, ట్యాగ్ కట్టి, మీటరుతో చూసుకున్నాకే. తాళం చెవి లోపల చేయి పెట్టేవాడి జేబులోనే ఉండాలి. ఎమర్జెన్సీ స్టాప్, గార్డు స్విచ్ తమ సొంత సేఫ్టీ సర్క్యూట్‌లోనే ఉండాలి. అవి దీపం ప్రోగ్రాం మీద ఆధారపడేలా చేయకూడదు.

మెషిన్ నడుస్తుండగా దీపం సెట్టింగులు మార్చకూడదు. కేబుల్ తగిలించిన ఆ రెండు నిమిషాలూ దీపం టెస్టు రంగులు వెలిగిస్తుంది, ఆపరేటర్‌కు ఆ సంగతి తెలియదు.

స్ట్రోబ్, గిరగిరా తిరిగే ఎఫెక్టులు బాగున్నాయని పెట్టకండి. లేతు చక్కు పక్కన వేగంగా కొట్టే వెలుగులో తిరుగుతున్న చక్కు ఆగినట్టు కనిపించవచ్చు. మూర్ఛ వ్యాధి ఉన్నవాళ్లలో కొందరికి వేగంగా కొట్టే వెలుగు ఫిట్స్ తెప్పిస్తుంది.

కరెంటు పోయి రాగానే దీపం దానంతటది ఆకుపచ్చకు రాకూడదు. ఆపరేటర్ రీసెట్ నొక్కేదాకా నీలంలోనే ఉండాలి.

అవుట్‌పుట్ ఆఫ్‌లో ఉన్నా దీపం సన్నగా వెలుగుతుంటే ‘అది అంతేలే’ అని వదిలేయకండి. ఆఫ్‌లో ఉన్న సాలిడ్ స్టేట్ అవుట్‌పుట్ నుంచి కాస్త కరెంటు కారుతుంది, ఎల్‌ఈడీకి ఆ మాత్రం చాలు. మధ్యలో రిలే పెట్టడమో, కంపెనీ చెప్పిన రెసిస్టర్ సమాంతరంగా వేయడమో చేయాలి. సగం వెలిగే ఎరుపుకు అలవాటుపడ్డ కన్ను అసలు ఎరుపునూ పట్టించుకోదు.

ఆయుధపూజ నాడు దీపం మీద గంధం పూయడం, బంతిపూల దండ వేయడం మానండి. దండ కంట్రోల్ ప్యానెల్ తలుపుకు వేయండి, బొట్టు మెషిన్ బాడీకి పెట్టండి.

దీపం పాడైతే కొత్తది పెట్టెలోంచి తీసి నేరుగా బిగించకండి. అది ఫ్యాక్టరీ సెట్టింగులతో వస్తుంది, మన ఎరుపు దానికి తెలియదు. దీపాన్ని కంట్రోలర్‌కు కలిపే ఐఓ-లింక్ మాస్టర్ ఉండి, డేటా స్టోరేజ్ ఆన్ చేసి పెడితే అదే పాత సెట్టింగులు ఎక్కిస్తుంది. లేకపోతే కాన్ఫిగరేషన్ ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఆఫీసు కంప్యూటర్‌లో ఒకటి ఉండాలి. ఎక్కించాక ఒక్కో స్థితినీ నిజంగా తెప్పించి చూడండి: గార్డు తెరిచి, గాలి ప్రెషర్ తగ్గించి, ఎమర్జెన్సీ నొక్కి. తర్వాత ఒక్కో ఇన్‌పుట్ వైరూ ఊడదీసి ఏ రంగు వస్తుందో చూసి, తేదీ వేసి, షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ చేత సంతకం పెట్టించి, ఆ కాగితం ప్యానెల్ తలుపు లోపల అతికించండి.