ఇల్లు మారునప్పుడు బీమా సంగతి

చింతామణిలోని ఇల్లు అమ్మి చిక్కబళ్ళాపురంలో మరొకటి కొన్న కుటుంబం రిజిస్ట్రేషనును, నగరసభలో ఖాతా మార్పిడిని, బెస్కాం మీటరు పేరును మరువదు. పాత బీమా పత్రం మాత్రం పెట్టె అడుగునే ఉండిపోతుంది. ఇల్లు చేయి మారిన నాడే అమ్మినవారికి ఆ కట్టడంపై బీమా హక్కు పోతుంది. ఖాతా మారినంత మాత్రాన ఆ పాలసీ కొన్నవారికి సంక్రమించదు, అమ్మినవారి కొత్త ఇంటికీ వర్తించదు.

ఇది మనకు దూరపు మాట కాదు. 2021 డిసెంబరు 22న చిక్కబళ్ళాపురం ప్రాంతంలోనే 2.9, 3.0 తీవ్రతతో రెండు స్వల్ప భూకంపాలు వచ్చాయి. అదే ఏడాది ఏప్రిల్ 1 నుండి అమలులోనున్న 'భారత్ గృహ రక్ష' పాలసీలో అగ్నిప్రమాదం, వరదలతోపాటు భూకంపం కూడా చేరి ఉంది.

ఈ పాలసీలో స్థలం ధరను లెక్కించరు. ఇల్లు తిరిగి కట్టుటకయ్యే ఖర్చే బీమా మొత్తం. కట్టడానికి 20 లక్షల బీమా చేసినచో, అందులో 20 శాతం, అనగా 4 లక్షల వరకు, ఇంటి సామానుకు రక్షణ తానుగా లభిస్తుంది. దీని గరిష్ఠ పరిమితి 10 లక్షలు. బాగేపల్లిలో అద్దెకుండువారు సామానుకు మాత్రమే బీమా చేసుకొనవచ్చును.

చాలామంది పొరబడేది ఒకచోట: ఇంటినుండి తరలించిన సామానుకు ఈ రక్షణ ఉండదు. లారీలో బీరువా విరిగితే పాలసీ ఆదుకొనదు. రవాణాకు వేరే బీమా కావలెను.

కనుక రిజిస్ట్రేషను తేదీ ఖరారు కాగానే కంపెనీకి వ్రాతపూర్వకంగా తెలిపి, కొత్త ఇంటి పాలసీ ఆ తేదీనుండే మొదలగునట్లు చూసుకొనండి. గృహరుణమున్నచో బ్యాంకు పేరును పత్రంలో చేర్పించండి.