తెనాలి: కాలవ కట్టిన ఊరు

తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. నాకు మాత్రం అక్కడ రైలు దిగిన ప్రతిసారీ మాంచెస్టర్ గుర్తొస్తుంది. పదో తరగతి సోషల్లో ఆ ఊరి గురించి పరీక్ష కోసం బట్టీ పట్టిన ఫలితం! ముందు కాలువ, తర్వాత రైలు, పక్కనే మిల్లులు, మిల్లుల డబ్బుతో పెరిగిన ఊరు. రేపల్లె దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్తూ తెనాలి జంక్షన్‌లో బండి కోసం కూర్చున్నప్పుడు అనిపించింది, ఇక్కడా అదే వరస కదా అని.

మొదలు 1852లో. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట కట్టాలన్న ఆలోచన వెనుక కాటన్ దొర ఉంటే, పని చేయించింది కెప్టెన్ ఓర్. 1855కి అది పూర్తయింది. అక్కణ్ణించి పడమటి డెల్టాకి వచ్చే ప్రధాన కాలువ దుగ్గిరాల లాకుల దగ్గర పాయలుగా చీలుతుంది. ఒక పాయ పేరు కొమ్మమూరు కాలువ. అది పెదగంజాం దగ్గర బకింగ్‌హామ్ కాలువలో కలుస్తుంది. అంటే కృష్ణలో ఎక్కించిన సరుకు పడవ మీదే మద్రాసు దాకా పోయేది!

లాకు పనిచేసే తీరు చాలా సింపుల్. ఎత్తులో ఒక గేటు, పల్లంలో ఒక గేటు. పడవ మధ్యలోకి వచ్చాక నీళ్లు నింపో, వదిలో దాన్ని అవతలి మట్టానికి తెస్తారు. లోపలి పడవ బయటికొచ్చేదాకా వెనక పడవ ఆగాల్సిందే. మా ఓఎస్ క్లాసులో చెప్పే లాక్ కూడా ఇంతే. ఈ లాకులు ముందే చూసుంటే ఆ యూనిట్ నాకు త్వరగా అర్థమయ్యేదేమో.

1899లో బెజవాడ, మద్రాసుల మధ్య రైలు కలిసింది. తెనాలి, బాపట్ల రెండూ ఆ దారిలోవే. 1916లో రేపల్లె దాకా కొమ్మ లైను వచ్చేసరికి తెనాలి జంక్షన్ అయింది. డెల్టా ధాన్యం రావడానికి కాలువ, బియ్యం పోవడానికి రైలు ఉంటే రైస్ మిల్లు పెట్టడానికి ఇంకేం కావాలి? డబ్బు తిరిగిన చోట నాటకాలు, ప్రెస్సులు, పత్రికలు కూడా వచ్చాయి. తెనాలి మున్సిపాలిటీ అయిన 1909లోనే అక్కడ కొడవటిగంటి కుటుంబరావు పుట్టారు. త్రిపురనేని రామస్వామి ఆ మున్సిపాలిటీకి ఛైర్మన్‌గా చేశారు. 1947లో మద్రాసు నుంచి వచ్చిన చందమామ వెనకున్న చక్రపాణిదీ తెనాలే. ఆ రైలు స్టేషన్ దగ్గరే 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా గుంపు మీద కాల్పులు జరిగి ఏడుగురు చనిపోయారు. రణరంగ చౌక్ వాళ్ల గుర్తుగా కట్టిందే. ఇన్నాళ్లూ అది ఆటోలాగే చోటు అనుకునేవాణ్ణి, సిగ్గుగా ఉంది.

బాపట్ల కథ వేరు. అక్కడ 1945లో వ్యవసాయ కళాశాల పెట్టారు. 1986లో విడుదలైన సాంబ మసూరి వరి అసలు పేరు బీపీటీ 5204. బీపీటీ అంటే బాపట్లే. మన హాస్టల్ మెస్‌లో సన్నబియ్యం కావాలని గొడవ పడేవాళ్లలో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

పడవలు పోయాయి, లారీలొచ్చాయి. కానీ తెనాలి పడుకోలేదు. డెల్టాలో వరి కోతకి కొద్ది రోజుల ముందే, ఆ తడిలోనే మినుములు చల్లేస్తారు. ఆ మినుములు పప్పు మిల్లుల్లో తెనాలి మినపగుళ్లవుతాయి, మనకి ఇడ్లీలవుతాయి. సూర్య శిల్పశాలలో పాత నట్లూ బోల్టులూ, బండ్ల తుక్కూ కలిపి నిలువెత్తు విగ్రహాలు చేస్తున్నారు. తెనాలి, బాపట్ల, రేపల్లె మూడు స్టేషన్లూ అమృత్ భారత్ జాబితాలో ఉన్నాయి.

స్టేషన్ బాగుపడితే సంతోషమే. నా గొడవ కాలువ గురించి. మాంచెస్టర్‌లో 1761 నాటి బ్రిడ్జ్‌వాటర్ కాలువ చేరే కాసిల్‌ఫీల్డ్‌ని 1982లో వారసత్వ పార్కుగా ప్రకటించారు. బొగ్గు దింపిన గట్ల మీద ఇప్పుడు కాఫీ తాగుతున్నారు. మనకీ అలా గట్టున బెంచీలు, లైట్లు పెడితే చాలని కొందరంటారు. నేనొప్పుకోను. వాళ్ల కాలువ పని అయిపోయింది, మనది ఇంకా డ్యూటీలోనే ఉంది. తెనాలి దాటాక ఆ నీళ్లే పొలాలకెళ్లాలి, చెరువుల్లో నిండాలి. సముద్రం వైపు పోయేకొద్దీ బోరు వేస్తే ఉప్పునీళ్లు పడతాయి గనక చాలా ఊళ్లలో ఎండాకాలం తాగేది ఆ చెరువు నీళ్లే. పైన ఊళ్లలో మురుగు కలిపితే అది దిగువకే చేరుతుంది. కాబట్టి బాగుచెయ్యడం మురుగు కాలవల్ని వేరు చెయ్యడంతో మొదలవ్వాలి. పూడిక, గుర్రపుడెక్క తియ్యాలి, ఆ తర్వాతే బెంచీలు. దిగువన ఉండేవాళ్లకి ఓపిక ఎక్కువ, నోరు తక్కువ. అందుకే వాళ్ల తరఫున ఇంత రాశాను.

ప్రతి జూలైలో అమ్మమ్మ ఫోన్ చేస్తుంది. నా మార్కులు అడగదు, తిన్నానా అని కూడా తర్వాతే అడుగుతుంది. ముందు అడిగేది ఒకటే: "తెనాల్లో కాలవకి నీళ్లొదిలారంట్రా?"