పాస్‌వర్డ్ సరియైనను కలియని వైఫై

ప్రశ్న: ఇటీవల రౌటరు మార్పించితిమి. ఫోనులన్నియు కలియుచున్నవి, పాత కంప్యూటరునకు తగిలించిన యుఎస్‌బి వైఫై అడాప్టరు మాత్రము నెట్‌వర్క్ పేరు చూపియు, పాస్‌వర్డ్ సరిగా నిచ్చినను కలియదు. అడాప్టరు చెడినదా?
– ఒక పాఠకుడు, మంచేనహళ్ళి

జవాబు: చెడినదని తీర్మానించుటకు ముందు, ఫోనులో హాట్‌స్పాట్ తెరచి, దాని భద్రతను డబ్ల్యుపిఎ2గా నుంచి, అడాప్టరును దానితో కలిపి చూడుడు, కలిసినయెడల పరికరము బాగుగనే యున్నది, చిక్కు రౌటరు అమరికలో నున్నది. పేరు కనబడియు ప్రవేశము దొరకకుండుటకు ముఖ్యముగా శంకింపదగినది, 2018లో వెలువడిన డబ్ల్యుపిఎ3 అను భద్రతా విధానము: దానినే కోరునట్లు రౌటరు అమర్పబడియున్నచో, అంతకు పూర్వపు అడాప్టర్లలో పెక్కింటికి ఆ విధానము తెలియదు గనుక, పాస్‌వర్డులో ఒక్క యక్షరము తప్పకున్నను సంధానము కుదరదు. రౌటరులో డబ్ల్యుపిఎ2, డబ్ల్యుపిఎ3 రెండును కలిసిన పద్ధతి నెన్నుకొనుడు. అదియు ఫలింపనిచో డబ్ల్యుపిఎ2 ఒక్కటియే యుంచుడు. విసిగి పాస్‌వర్డునే తీసివేయుట మాత్రము వలదు. ఇరుగుపొరుగు లెవరైనను మీ నెట్‌వర్కులో చొరబడవచ్చును. పిమ్మట కంప్యూటరులో పాత కనెక్షనును తొలగించి మరల కలుపుడు.

కలిసియు తెగుచున్నచో, యుఎస్‌బి 3 పోర్టుల రొద 2.4 గిగాహెర్ట్జ్ తరంగములను బాధించును గనుక, చిన్న ఎక్స్‌టెన్షన్ కేబులుతో అడాప్టరును దూరముగా నుంచుడు. క్రొత్త అడాప్టరు కొనుట యివన్నియు చూచిన తరువాతనే.