రడ్డర్ పెడల్స్ మరీ సున్నితంగా ఉన్నాయా?

ఫ్లైట్ సిమ్యులేటర్‌లో సెస్నా 172ని రన్‌వే మధ్యగీత మీద నిలబెట్టి థ్రాటిల్ మొత్తం ముందుకి తోస్తాం. ముక్కు ఎడమకి లాగుతుంది. కుడి పెడల్ కొంచెం నొక్కితే చాలు, కుడివైపు గడ్డిలోకి పరిగెత్తబోతుంది. కంగారుగా ఎడమ నొక్కుతాం. ఇక అక్కణ్ణుంచి పాము నడకే. కొత్తగా పెడల్స్ కొన్నవాళ్ళ ఫిర్యాదు దాదాపు ఎప్పుడూ ఇదే: "ఇవి మరీ సెన్సిటివ్‌గా ఉన్నాయి." వాళ్ళకి దొరికే సలహా కూడా ఒకటే: సెట్టింగ్స్‌లో సెన్సిటివిటీ తగ్గించు. ఏ జ్వరానికైనా పారాసిటమాల్ వేసినట్టు. ఒక్కోసారి తగ్గుతుంది, కానీ ఎందుకొచ్చిందో మాత్రం తెలీదు.

రడ్డర్ అంటే తోక మీది నిలువు రెక్కకి వెనక అంచున తలుపులా కదిలే పలక. పడవకైతే దీన్నే మనం చక్కగా చుక్కాని అంటాం. విమానంలో దాన్ని కాళ్ళతో తిప్పుతారు. నేల మీద సెస్నా 172లో అవే పెడల్స్ ముందు చక్రాన్ని కూడా చెరోవైపు సుమారు 10 డిగ్రీలు తిప్పుతాయి. పెడల్ పైభాగాన్ని మునివేళ్ళతో నొక్కితే ఆ వైపు బ్రేక్ పడుతుంది. ఇంత పని ఒకే జత పెడల్స్ మీద ఉంది కాబట్టి "సెన్సిటివ్" అనే ఒక్క మాట వెనక నాలుగైదు వేర్వేరు రోగాలు దాక్కుంటాయి.

అందుకే సిమ్యులేటర్ తెరవకముందే అంకెలు చూడండి. విండోస్‌లో గేమ్ కంట్రోలర్ల కిటికీ ఉంది, లినక్స్‌లో జేఎస్‌టెస్ట్ ఉంది. రెండోది ప్రతి యాక్సిస్ విలువనీ -32767 నుంచి 32767 దాకా చూపిస్తుంది. కాళ్ళు తీసేసి చూడండి. అంకె ఒకచోట కదలకుండా ఉందా, వణుకుతోందా? వణుకుతుంటే అది మీ కాలి తప్పు కాదు. చవక పెడల్స్‌లో పొటెన్షియోమీటర్ ఉంటుంది, దాని పట్టీ మీద దుమ్ము పడినా అరిగినా ఇలాగే గెంతుతుంది. 2, 3 శాతం డెడ్ జోన్ పెడితే మధ్యలో వణుకు పోతుంది. అంకె వణక్కుండా సున్నాకి దూరంగా నిలిచిపోతే మాత్రం డెడ్ జోన్ వద్దు, కాలిబ్రేషన్ మళ్ళీ చెయ్యాలి. ఈ రెండింటినీ కలిపేసి 15 శాతం డెడ్ జోన్ పెట్టుకునేవాళ్ళున్నారు. అప్పుడు కాలు కదిలినా కాసేపు ఏమీ జరగదు, ఉన్నట్టుండి జరుగుతుంది. పాము ఇంకా పెద్దదవుతుంది.

తర్వాత చూడాల్సింది జాయ్‌స్టిక్. చాలా జాయ్‌స్టిక్‌ల పిడి మెలితిరుగుతుంది, సిమ్యులేటర్ ఆ మెలికని తనంతట తనే రడ్డర్‌కి కలిపేస్తుంది. పెడల్స్ కూడా రడ్డర్‌కే. ఒకే వేరియబుల్‌లోకి రెండు థ్రెడ్లు లాక్ లేకుండా రాస్తే ఏమవుతుందో మనకి వేరే చెప్పక్కర్లేదు కదా! ఒకటి తీసేయండి. నా ఉద్దేశంలో కర్వ్ జోలికి వెళ్ళేముందు తప్పకుండా చూడాల్సింది ఇదే. బ్రేక్ యాక్సిస్‌లు కూడా చూడండి. ఒక కాలు పది శాతం బ్రేక్ పంపుతూ ఉంటే విమానం ఆ వైపే ఈడుస్తుంది, మనం రడ్డర్‌ని తిట్టుకుంటాం.

ఇవన్నీ బాగుండి కూడా పాము వదలకపోతే, అప్పుడు కర్వ్. చాలాచోట్ల వాడే సూత్రం ఇలాంటిది: ఔట్‌పుట్ = క × ఇన్‌పుట్ ఘనం + (1 − క) × ఇన్‌పుట్. క విలువ 0.6 అనుకోండి. పెడల్ 20 శాతం నొక్కితే రడ్డర్‌కి 8.5 శాతమే వెళ్తుంది. 50కి 27.5. వందకి వంద. బాగానే ఉంది, కానీ వాలు చూడండి: మధ్యలో 0.4 ఉన్నది చివరికొచ్చేసరికి 2.2 అవుతుంది. మధ్యలో మిగుల్చుకున్నది చివర్లో వడ్డీతో కట్టాలన్నమాట. పక్కగాలిలో దిగేటప్పుడు పెడల్ ఎక్కువగా నొక్కాల్సి వస్తుంది. సరిగ్గా అక్కడే అది మొండిగా, దురుసుగా ఉంటుంది. అందుకే 0.3 దగ్గర మొదలుపెట్టి కొంచెం కొంచెంగా పెంచడం మేలు.

అసలు ఈ కర్వ్ ఎందుకు కావాలి? నిజం సెస్నాలో పెడల్‌కీ రడ్డర్‌కీ మధ్య ఉన్నవి తీగలే. గాలి రడ్డర్‌ని వెనక్కి తోస్తుంది, ఆ తోపు కాలికి తెలుస్తుంది. అది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 20 నాట్ల దగ్గర ఉన్నదానికి 60 నాట్ల దగ్గర తొమ్మిది రెట్లు. మన బల్ల కింద పెడల్స్‌లో ఉన్నది ఒక స్ప్రింగ్. ఆగి ఉన్నా ఎగురుతున్నా దాని బిగువు ఒకటే. నిజం పైలట్ ఎంత బలం పెట్టాడో కాలితో కొలుస్తాడు, మనం ఎంత దూరం కదిలిందో కొలుస్తున్నాం.

ఇది ఆటకి సంబంధించిన గొడవే అనిపిస్తే ఒక్క సంగతి. 2001 నవంబర్ 12న న్యూయార్క్ జేఎఫ్‌కే నుంచి బయల్దేరిన అమెరికన్ ఎయిర్‌లైన్స్ 587, ఎయిర్‌బస్ ఏ300-600, ముందు వెళ్ళిన విమానం వదిలిన గాలి సుడిలో పడింది. ఫస్ట్ ఆఫీసర్ రడ్డర్‌ని ఇటూ అటూ వరసగా గట్టిగా తొక్కాడు. తోక నిలువు రెక్క ఊడిపోయింది. విమానంలో ఉన్న 260 మందీ, నేల మీద 5గురూ చనిపోయారు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ ఆ అనవసరపు తొక్కుళ్ళే కారణమంది. ఆ మోడల్ రడ్డర్ వ్యవస్థ డిజైన్, ఆ ఎయిర్‌లైన్ శిక్షణ కూడా తోడయ్యాయని చెప్పింది. ఆ విమానంలో వేగం పెరిగేకొద్దీ పెడల్ కదిలే దూరం తగ్గిపోతుంది. 250 నాట్ల దగ్గర అంగుళంపావు కదిలితే అనుమతించినంత రడ్డర్ మొత్తం వచ్చేస్తుంది. శిక్షణలో సిమ్యులేటర్ మీద చేయించిన ఒక అభ్యాసం గాలి సుడిని ఉన్నదానికంటే భయంకరంగా చూపించి ఉండొచ్చని కూడా ఆ నివేదికలో ఉంది.

సరే, సెస్నాకి వద్దాం. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ అదే విమానం, అదే రన్‌వే, గాలి సున్నా. ఒకసారికి ఒక్కటే మార్చండి. చూపు ముక్కు ముందు కాకుండా రన్‌వే చివర పెట్టండి, దగ్గర్లోకి చూస్తే ప్రతి చిన్న వంకరకీ కాలు లేస్తుంది. మడమలు నేలకి ఆనించండి. పెడల్ నొక్కి పట్టుకోకుండా, తట్టి వదలండి. థ్రాటిల్ ఇవ్వగానే ముక్కు ఎడమకి లాగడం మాత్రం లోపం కాదు. ప్రొపెల్లర్, అది వెనక్కి తిప్పి కొట్టే గాలి చేసే పని అది, కుడి కాలు ఎలాగూ కావాలి. గాలి లేకుండా నాలుగు టేకాఫ్‌లు గీత మీద కుదిరాక 10 నాట్ల పక్కగాలి పెట్టి ఒక ల్యాండింగ్ చేయండి. అక్కడ పెడల్ చివర మరీ దురుసుగా తగిలితే క విలువ కొంచెం తగ్గించండి. పైపర్ కబ్ లాంటి తోకచక్రం విమానాలు ఆ తర్వాతే. వాటిలో బరువు కేంద్రం ప్రధాన చక్రాల వెనక ఉంటుంది కాబట్టి, పెడల్స్ ఎంత బాగున్నా తోక ముందుకి రావాలనే చూస్తుంది.