తలకు నూనె

పిల్లలూ, చలికాలంలో కొబ్బరినూనె గడ్డకట్టడం చూశారా? 24 డిగ్రీల కంటే చల్లబడితే అది పేరుకుంటుంది. పాడైపోలేదు! సీసాను కాసేపు వేడినీళ్ళ గిన్నెలో ఉంచండి, కరిగిపోతుంది.

గోరువెచ్చని నూనెను వేళ్ళతో మాడుకు పట్టించి, మెల్లగా మర్దనా చేయాలి. తర్వాత కుదుళ్ళ నుంచి చివర్ల దాకా రాయాలి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకుతుంది. అందుకే చిక్కు తీసేటప్పుడు జుట్టు తక్కువ తెగుతుంది. ఆముదం బాగా చిక్కన, కొబ్బరినూనెలో కొంచెం కలిపితే చాలు.

"నూనె జడతో బడికెళ్తే నవ్వుతారమ్మా!" అని దిగులా? శనివారం రాత్రి రాసుకుని, ఆదివారం తలంటుకోండి. సోమవారానికి వాసన ఉండదు, జడ మాత్రం నున్నగా ఉంటుంది.

కొత్త మాటలు
మాడు – నడినెత్తి
కుదురు – వెంట్రుక మొదలు
తలంటు – నూనె రాసి చేసే తలస్నానం

అడిగి రాయండి
చిన్నప్పుడు మీ అమ్మమ్మగారికి ఎవరు తలంటేవారు? ఏ నూనెతో?