అర్జున విషాదము – వైద్యుల నిదానము

గత మాసమున మన ఆలయ మండపములో గీతా ప్రవచనము ముగిసిన పిమ్మట ఒక తల్లి నా వద్దకు వచ్చి, "పంతులుగారూ, అర్జునుడికి వచ్చింది డిప్రెషనే కదండీ? మా అమ్మాయి మూడు నెలలుగా మంచం దిగడం లేదు. రోజూ గీత చదివిస్తే తగ్గుతుందా?" అని అడిగినారు. ప్రసాదపు వరుసలో నిలబడి చెప్పదగిన సమాధానము కాదు గనుక ఇచ్చట వ్రాయుచున్నాను.

అర్జునుని అవయవములు సడలినవి, నోరు ఎండినది, దేహము వణకినది, చర్మము మండినది, గాండీవము చేజారినది. చివరకు రథముపై కూలబడినాడు. పైకి చూచిన రోగలక్షణములవలెనే ఉన్నవి. కాని ఆ శోకమునకు కారణము కన్నుల యెదుటనే నిలిచియున్నది. క్రితము దినము వరకు ఆయన యుద్ధసన్నద్ధుడే. శోకములో సైతము ప్రశ్నించినాడు, వాదించినాడు, చెప్పినది విన్నాడు. పదునెనిమిది అధ్యాయములు వినగల మనస్సు ఇంకను పని చేయుచున్న మనస్సే. అది ధర్మసంకటములో పుట్టిన విషాదము. ఆ తల్లి కుమార్తెకు పది నిమిషములు ఒక మాటపై మనస్సు నిలుచుట లేదట.

డిప్రెషన్ అని వైద్యులు నిర్ణయించుటకు ఒక కొలత కలదు. దినములో అధిక భాగము, దాదాపు ప్రతి దినము, కనీసము రెండు వారములపాటు దిగులు ఉండవలెను. లేదా ఇదివరలో ఇష్టమైన పనులపై ఆసక్తి నశించియుండవలెను. వీనితోపాటు నిద్ర, ఆకలి తారుమారగుట, ఏ పని చేయకున్నను అలసట, కదలికలలో మాంద్యము గాని నిలకడలేమి గాని, ఏకాగ్రత లోపించుట, తాను ఎందుకును పనికిరానను భావము లేదా అకారణమైన అపరాధభావము, మరణచింత. మొత్తము తొమ్మిదింటిలో ఐదైనను ఉండి, నిత్యజీవనము దెబ్బతిన్నప్పుడు దానిని వ్యాధిగా పరిగణింతురు. థైరాయిడ్ లోపమువంటి శరీర వ్యాధులును ఇట్టి రూపమే దాల్చగలవు గనుక రక్తపరీక్ష చేయింతురు. అయితే మనోవ్యాధిని నేరుగా చూపు రక్తపరీక్ష లేదు. ప్రశ్నించి, విని, కాలక్రమమును పరిశీలించియే నిర్ణయింపవలెను. సంస్కృతమున 'నిదానము' అనగా రోగమూలము, దానిని గుర్తించుట. మన తెలుగులో నిదానమనగా తొందరపడకుండుట. ఇచ్చట రెండర్థములును కావలసినవే.

ఇది మన పూర్వులకు తెలియని సంగతి కాదు. చరక సంహిత ఉన్మాదమును ఐదు విధములుగా విభజించినది. అకారణముగా నవ్వుట, పాడుట ఒక విధమునకు లక్షణములు. మౌనము, ఏకాంతముపై కోరిక, ఆహారముపై అనాసక్తి మరియొక విధమునకు. నేటి పేర్లకు వానిని యథాతథముగా అతికించుట పాండిత్యము కాదు. మనస్సుకు రోగము వచ్చుననియు, దానికి చికిత్స కలదనియు వారు అంగీకరించినారు. నాకు అంతవరకు చాలును.

కనుక అమ్మా, ముందు అమ్మాయిని వైద్యునికి చూపించండి. 14416 అను టెలీ మానస్ ప్రభుత్వ ఉచిత ఫోను సేవ రేయింబవళ్లు ఉన్నది, తెలుగులోనే మాటలాడవచ్చును. చనిపోవలెనని తలంపు వచ్చుచున్నదా అని అమ్మాయిని సూటిగా అడగండి. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు. మందు గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును, నడుమ ఆపవద్దు. గీతను మీరు ఆమె ప్రక్కన కూర్చుండి చదవండి. "నువ్వు చదువు" అని పుస్తకము చేతికిచ్చి బలవంతపెట్టకండి.

వైద్యునికి ఏ విషయమును దాచరాదు. ఇది నా తప్పిదమువలన నేర్చినది. మేనల్లుని అనుమతితోనే వ్రాయుచున్నాను. ఒకప్పుడు అతడు పక్షము దినములు రాత్రింబవళ్లు పారాయణ చేసినాడు. రెండు గంటల నిద్రతోనే లేచి తిరుగువాడు, మాట ఆగేది కాదు, అమ్మవారు తనతో పలుకుచున్నదనెడివాడు. నేను మురిసి పదిమందిలో పొగడినాను. మరుసటి యేట మంచము పట్టినాడు. వైద్యుడు, "ఇంతకు ముందెప్పుడైనా పట్టరాని ఉత్సాహం కనబడిందా?" అని అడిగినప్పుడు ఇంటి పెద్దగా నేనే, "లేదండీ, భక్తి ఎక్కువ, అంతే" అన్నాను. ఆ ఒక్క మాటతో బైపోలార్ కేవలము డిప్రెషన్‌గా కనబడినది. బైపోలార్ ఉన్నవారికి దిగులు మందు ఒక్కటే ఇచ్చిన, కొందరికి ఉన్మాదము ఉవ్వెత్తున లేచును. మావానికి అదే జరిగినది. మూడు వారములలో పొలము బేరము పెట్టి, బయానా సొమ్మంతయు సంచిలో వేసుకొని దూరపు క్షేత్రమునకు పోయి విరాళమీయబోయినాడు. రశీదు వ్రాయు గుమాస్తా అతని కన్నులు చూచి, మాట విని, సొమ్ము తీసికొనక ఇంటి ఫోను నంబరు అడిగినాడట. ఆ పుణ్యాత్ముని పేరు నేటికిని నాకు తెలియదు.

ఇప్పుడతడు లిథియం వాడుచున్నాడు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని ఉపయోగమును ప్రకటించినాడు. ఇదియొక లవణము. రక్తములో తక్కువైన పని చేయదు, కొంచెము ఎక్కువైనను విషమగును. అందువలన ఎప్పటికప్పుడు రక్తపరీక్ష తప్పదు. భక్తులు గమనింపవలసినది మరొకటి కలదు. దేహములో నీరు తగ్గిన లిథియం పాలు పెరుగును. కావున ఈ మందు వాడువారు ఏకాదశికి నిర్జలోపవాసము చేయరాదు. శక్తికి మించిన ఉపవాసమును ఏ శాస్త్రమును రోగిపై రుద్దలేదు.

నిద్ర చెడుటయే ఉన్మాదమునకు ద్వారము కాగలదని కూడ వైద్యుడు చెప్పినారు. మొన్నటి శివరాత్రికి, "మామయ్యా, జాగారం చెయ్యనా?" అని అడిగినాడు. ఒకప్పుడైన సరేననియుందును. "డాక్టరుగారిని అడుగు నాయనా" అన్నాను. ఆయన వద్దన్నారు. రాత్రి తొమ్మిది గంటల అభిషేకము చూచి, తీర్థము పుచ్చుకొని, ఇంటికి పోయి మందు వేసుకొని నిద్రించినాడు.